బరువులు మోసినవాళ్ల కొండ

భువనగిరి గుట్టతో మొదలవుతుంది. సికింద్రాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే గంటన్నరలో ఆ ఏకశిల కిందికి చేరుకోవచ్చు. ఒక ఆదివారం తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నవాళ్లు, మరుసటి ఏడాది హిమాలయాల్లో ఏదో ఒక కనుమ దాటి వస్తారు. ఆ తర్వాత ఆఫీసు క్యాంటీన్‌లో మాట కిలిమంజారో మీదికి పోతుంది. ఎందుకంటే 5,895 మీటర్ల కొండ అయినా దానికి తాడూ అక్కర్లేదు, మంచుగొడ్డలీ అక్కర్లేదు. నడవడం వస్తే చాలంటారు.

కిలిమంజారో ఎక్కడానికి దారులు చాలా ఉన్నాయి. వాటిలో గుడారం లేకుండా, ప్రతి రాత్రీ కట్టెల గుడిసెలో పడుకుంటూ పోయే దారి ఒక్కటే. దాని పేరు మరంగు. ఆరు పగళ్లు, అయిదు రాత్రులు. మొదటి రాత్రి మందారా, తర్వాతి రెండు రాత్రులు హొరొంబో, నాలుగో రాత్రి కిబో. ఆ రాత్రి నిద్ర నామమాత్రమే. అర్ధరాత్రి లేచి శిఖరానికి, అక్కణ్ణుంచి మళ్లీ హొరొంబోకి, ఆరో రోజు గేటు దగ్గరికి. గైడ్ తప్పనిసరి. వంటమనిషి, మోత కూలీలు వెంట ఉంటారు. ప్యాకేజీ కాగితం మీద ఇవన్నీ ఒక పట్టికలా కనిపిస్తాయి. ఆ పట్టికలో కొన్ని పేర్లు మారిన పేర్లే. పాత పేర్లు ఎవరివో, కొత్తవి ఎవరివో చూసుకుంటూ పోతే కొండ చరిత్ర చాలావరకు బయటపడుతుంది. ఎక్కడా పేరు లేనివాళ్ల చరిత్ర కూడా.

మరంగు గేటు

కొండ కింది పల్లెల్లో చగ్గా జనం శతాబ్దాలుగా ఉన్నారు. వాలుల మీద కాలవలు తవ్వి నీళ్లు మళ్లించి, అరటి తోటలు పెంచుకున్నారు. ఒక్కో ప్రాంతానికి ఒక దొర. అతన్ని మంగి అంటారు. ఐరోపా వాళ్ల లెక్కలో మాత్రం ఈ కొండ 1848 మే 11న 'దొరికింది'. ఆరోజు యోహానెస్ రెబ్మాన్ అనే జర్మన్ మిషనరీ దూరం నుంచి దాని తెల్లటి తల చూశాడు. అదేమిటని వెంట ఉన్న గైడ్‌ని అడిగితే అతను చలి అన్నాడు. మంచుకు అతని దగ్గర వేరే మాట లేదు. రెబ్మాన్‌కి విషయం అర్థమైంది. లండన్‌లో మాత్రం భూమధ్యరేఖ పక్కన మంచేమిటని వెక్కిరించారు. విలియం కూలీ అనే భూగోళ పండితుడు ఏళ్ల తరబడి ఆ మాట కొట్టిపారేశాడు. ఆయన ఆఫ్రికాలో అడుగు పెట్టినవాడు కాదు. ముట్టుకుని వచ్చినవాడు చలి అంటే చాలదు, చదువుకున్నవాడు మంచు అనాలి. అదీ చాలక ఇంకో చదువుకున్నవాడు ఒప్పుకోవాలి.

శిఖరం మీద మొదట కాలు పెట్టినవాళ్లుగా పుస్తకాలకెక్కింది లైప్జిగ్‌కి చెందిన హాన్స్ మేయర్, ఆస్ట్రియాకి చెందిన లుడ్విగ్ పుర్త్‌షెల్లర్. తేదీ 1889 అక్టోబర్ 6. మేయర్‌కి అది మూడో ప్రయత్నం. 1887లో మంచు గోడ దగ్గర ఆగిపోయాడు. 1888లో జర్మన్ల మీద తీరప్రాంతం తిరగబడ్డప్పుడు బందీ అయ్యి, డబ్బు కట్టి బయటపడ్డాడు. మూడోసారి గెలవడానికి ఐరోపా నుంచి తెచ్చిన మంచుగొడ్డలి ఎంత కారణమో, తిండి ఏర్పాటూ అంతే కారణం. అంతకుముందు వెళ్లినవాళ్లు చాలామంది పైదాకా పోయి, తినడానికి లేక దిగివచ్చేవారు. మేయర్ దారి పొడవునా మజిలీలు పెట్టాడు. కింద మరంగు నుంచి కూలీలు వంతులవారీగా తిండి పైకి చేరవేస్తూ ఉంటే, ఆయన రోజుల తరబడి పైనే ఉండి మళ్లీ మళ్లీ ప్రయత్నించగలిగాడు. అక్టోబర్ 3న అగ్నిబిలం అంచుదాకా పోయి వెనక్కి వచ్చారు. మూడు రోజులు ఆగి మళ్లీ పోయారు. కూలీల నడక లేకపోతే ఆ రెండో ప్రయత్నం ఉండేది కాదు.

ఇవాళ్టి మందారా, హొరొంబో, కిబో గుడిసెల వెనక ఉన్న ఆలోచన ఇదే: ఒక్కో రోజు నడకకు ఒక్కో మజిలీ, ప్రతి మజిలీలో వేడి తిండి. మేయర్ కొండ మీద ఉన్నన్ని రోజులూ పైన ఎత్తు మీది శిబిరంలో చలికి ఓర్చుకుంటూ ఉండిపోయిన ఒక మనిషి పేరు మాత్రం ఆయన రాశాడు. పంగని ఊరివాడు, మ్వీని అమాని. మిగతావాళ్లు బిడారులో కలిసిపోయారు.

నూరేళ్ల తర్వాత, 1989లో, మొదటి ఆరోహణ శతాబ్ది ఉత్సవం చేసినప్పుడు నిర్వాహకులకు ఈ లోటు తట్టింది. మేయర్‌తో వెళ్లిన ఆఫ్రికన్లకు మరణానంతరం ప్రశంసాపత్రాలు ఇద్దామనుకున్నారు. వెతికితే మరంగులో యోహాని కిన్యాలా లావో అనే ముదుసలి ఇంకా బతికే ఉన్నాడని తేలింది. ఆయనకు తన వయసెంతో తెలియదు. మేయర్ గుర్తులేడు, పుర్త్‌షెల్లర్ గుర్తులేడు. ఎవరో డచ్ డాక్టరుతో కొండెక్కినట్టు గుర్తుంది. కాళ్లకు చెప్పులు లేవని గుర్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే మూడుసార్లు ఎక్కానన్నాడు. ఈ ఆధారాలతో కమిటీ ఆయన్ను 1889 బృందంలో సభ్యుడిగా నిర్ణయించింది. ఆ లెక్కన ఆయన సుమారు 1871లో పుట్టి ఉండాలి. 1996లో చనిపోయాడు కాబట్టి దాదాపు 125 ఏళ్లు బతికినట్టు. నమ్మడం కష్టమే. చరిత్రకారులు చాలామంది నమ్మరు కూడా.

నాకు ఇందులో ఆసక్తి కలిగించేది ఆయన వయసు కాదు. ఒక జాతికి మొదటి గైడ్ కావలసి వచ్చింది. కాగితాల్లో గైడ్ల పేర్లు లేవు. ఉన్న ఒక్క వృద్ధుడి జ్ఞాపకానికి ఆ బరువంతా ఎత్తారు. చివరికి ఆ బరువూ ఒక కూలీయే మోశాడు.

మందారా, 2,720 మీటర్లు

తెలుగువాళ్లకు వినగానే పువ్వు గుర్తొస్తుంది కానీ, ఇది మనిషి పేరు. మోషి ప్రాంతాన్ని 19వ శతాబ్దంలో ఏలిన మంగి రిండిని బయటివాళ్లు మందారా అని పిలిచేవారు. వర్తకులతోనూ, మిషనరీలతోనూ, జర్మన్లతోనూ బేరాలాడి నెగ్గుకొచ్చిన గట్టి పిండం. ఆయన కొడుకు మంగి మేలి మాత్రం జర్మన్లకు లొంగలేదు. 1900 మార్చి 2న మోషిలో మరికొందరు నాయకులతో పాటు మేలిని చెట్టుకు ఉరితీశారు. తల నరికి జర్మనీకి పంపారని ఆ కుటుంబం తరతరాలుగా చెప్తోంది. బెర్లిన్ మ్యూజియంల పెట్టెల్లో ఆ పుర్రె కోసం వారసులు చాలాకాలంగా వెతుకుతున్నారు.

ఈ గుడిసెకు మొదట మందారా పేరు లేదు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు జర్మన్లు కట్టినప్పుడు దీన్ని బిస్మార్క్ గుడిసె అన్నారు. అడవిలో ఒక రాత్రి తలదాచుకునే చోటుకి, ఆఫ్రికాను ఐరోపా దేశాలు పంచుకున్న బెర్లిన్ సమావేశాన్ని నడిపించిన ఛాన్సలర్ పేరు.

హొరొంబో, 3,720 మీటర్లు

రెండో రోజుకి అడవి పలచబడి పొదలు వస్తాయి. సాయంత్రానికి మబ్బులు కాళ్ల కిందికి చేరతాయి. గాలి పలచబడిన సంగతి మెట్లెక్కితే తెలుస్తుంది. అందుకే బుద్ధిమంతులు ఇక్కడ ఒక రోజు అదనంగా ఆగుతారు. పగలు కాస్త పైకి నడిచి, రాత్రికి మళ్లీ కిందికొచ్చి పడుకుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. డబ్బు మిగుల్తుందని ఆ రోజును ఎగ్గొట్టి అయిదు రోజుల్లో ముగించే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో తలనొప్పితో, వాంతులతో మధ్యలోంచే దిగివచ్చేవాళ్లు ఎక్కువ. గైడ్లు రోజుకు వందసార్లు అనే మాట 'పోలె పోలె'. మెల్లగా, మెల్లగా. అది మర్యాద కోసం అనే మాట కాదు, వైద్యం.

ఈ గుడిసె పాత పేరు పీటర్స్. కార్ల్ పీటర్స్ జర్మన్ తూర్పు ఆఫ్రికా వలసకు పునాది వేసినవాడు. 1891లో కిలిమంజారో ప్రాంతానికి కమిషనర్‌గా వచ్చాడు. తన పనివాడు మబ్రుక్‌నీ, తన దగ్గర ఉంచుకున్న జగోజా అనే చగ్గా యువతినీ ఉరితీయించాడు. ఆ గొడవ బెర్లిన్ పార్లమెంటుదాకా పోయి, 1897లో ఉద్యోగం ఊడింది. అంతా తెలిసీ, తర్వాత కట్టిన గుడిసెకు అతని పేరే పెట్టారు. అతని చేతిలో చచ్చిపోయినవాళ్ల పల్లెల మీదుగానే దానికి దారి. స్వతంత్రం వచ్చాక ఆ పేరు తీసేసి, 19వ శతాబ్దం తొలినాళ్లలో చగ్గా ప్రాంతాలను చాలావరకు ఒక్కటి చేసిన దొర హొరొంబో పేరు పెట్టారు. ఇవాళ మనం చూసే త్రికోణపు కప్పుల గుడిసెలు 1970లలో నార్వే సాయంతో వచ్చినవి.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి ఒక దగ్గరి సంగతి. 1914 నవంబర్‌లో బ్రిటిష్ వాళ్లు ఈ వలసను పట్టుకోవడానికి టాంగా రేవులో సైన్యం దించారు. టాంగా నుంచి కిలిమంజారో కింది మోషి దాకా జర్మన్ల రైలు మార్గం ఉంది. దిగిన సైన్యంలో ఎక్కువమంది హిందుస్తానీ సిపాయిలు. వాళ్లలో 98వ పదాతి దళం, మన బొల్లారం కేంద్రంగా నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చింది. 1903 దాకా అది నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సేన. టాంగాలో తుపాకుల మోతకు రేగిన తేనెటీగలు ఆ దళం మీద పడ్డాయి. యుద్ధం ఘోరంగా ఓడిపోయారు. ఓడను అంతదూరం తోలినవాళ్లను చరిత్ర పేరుపేరునా తిట్టింది. ఒడ్డున పడిపోయిన సిపాయిలు దళం నంబరుగానే మిగిలారు. ఆ తర్వాత నాలుగేళ్లు సాగిన ఆ యుద్ధంలో, రెండు పక్షాల సామాన్లూ నెత్తిన మోస్తూ రోగాలతో, ఆకలితో చచ్చిపోయిన ఆఫ్రికన్ కూలీలు పదుల వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఆ నంబరు కూడా లేదు.

కిబో, 4,720 మీటర్లు

నాలుగో రోజు నడక ఎడారిలో. ఒక పక్క కిబో, ఇంకో పక్క మావెంజి, మధ్యలో చెట్టూచేమా లేని మైదానం. కిబో గుడిసె 1932లో కట్టింది. ఇక్కడ నీళ్లు దొరకవు. వంటకీ, తాగడానికీ ప్రతి చుక్కా కింది నుంచి మోసుకురావాల్సిందే. మన చేతిలో పెట్టిన వేడి సూపు ఒక మనిషి మెడ మీద పైకెక్కింది.

పార్కు నియమం ప్రకారం ఒక కూలీ మోయాల్సిన బరువు 20 కిలోలు దాటకూడదు. గేటు దగ్గర కాటా పెట్టి తూస్తారు. నియమం ఉన్నంత మాత్రాన చాలదని తెలిసే, 2003లో కిలిమంజారో కూలీల సహాయ ప్రాజెక్టు ఒకటి మొదలైంది. చలికోట్లు అద్దె లేకుండా ఇవ్వడం, కూలీ సరిగా ముడుతోందా, రోజుకు ఎన్ని పూటలు తిండి పెడుతున్నారు, ఎక్కడ పడుకోబెడుతున్నారు అని చూడడం దాని పని. ఈ ప్రశ్నలు అడగాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. పర్వతారోహకుల ఒంటి మీద నాలుగు పొరల బట్టలున్న చోట, వాళ్ల సంచీ మోసేవాడు పలచటి చొక్కాతో, అరిగిన బూట్లతో నడిచిన రోజులున్నాయి. చలికి, ఎత్తుకు చచ్చిపోయిన కూలీలూ ఉన్నారు. స్థానికుడు కాబట్టి ఎత్తు పట్టదనుకోవడం భ్రమ. చగ్గా పల్లెలు కొండ కింది వాలుల మీద ఉన్నాయి, కిబో గుడిసె పక్కన కాదు.

సికింద్రాబాద్ వాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. స్టేషన్లో ఎర్ర చొక్కా, జబ్బకు ఇత్తడి బిల్ల, దాని మీద నంబరు. మనం హమాలీని పిలిచేది పేరుతో కాదు. 2016 రైల్వే బడ్జెట్‌లో ఇకపై కూలీలను సహాయకులు అనాలని ప్రకటించారు. మాట మారింది. పెట్టె బరువు మాత్రం అదే.

ఉహురు, 5,895 మీటర్లు

అర్ధరాత్రి బయల్దేరతారు. రాలిపోయే కంకర మీద వంకరటింకరగా, ముందువాడి మడమల మీద లైటు వేసుకుని నడక. తెల్లవారేసరికి బిలం అంచున గిల్‌మన్ పాయింట్, ఆ అంచునే నడిస్తే శిఖరం. పైన గాలిలో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే.

మేయర్ ఈ శిఖరానికి తన చక్రవర్తి పేరు పెట్టాడు, కైజర్ విల్హెల్మ్ శిఖరమని. పై నుంచి తెచ్చిన ఒక రాయి చక్రవర్తికి కానుకయ్యి పోట్స్‌డామ్ రాజభవనం గోడలోకి ఎక్కింది. 1961 డిసెంబర్ 9న టాంగన్యికా స్వతంత్రమైన రాత్రి, అలెగ్జాండర్ న్యిరెండా అనే యువ సైనికాధికారి ఇక్కడ కొత్త జెండా ఎగరేసి దివిటీ వెలిగించాడు. శిఖరం ఉహురు అయింది. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం.

పేర్లు మార్చడం మనకూ అలవాటే. లష్కర్ అనే దండు ఊరు 1806లో నిజాం సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ అయింది. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్ అయింది. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్ అయింది. అయినా ఎంఎంటీఎస్ రైలు ఇప్పటికీ జేమ్స్ స్ట్రీట్ స్టేషన్లో ఆగుతుంది, బోనాలు ఇప్పటికీ లష్కర్ బోనాలే. పాత పేరు పోవడానికి జీవో ఒక్కటే చాలదని దీనర్థం.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ పేరుకీ ఇక్కడికీ సంబంధం ఉంది. జార్జ్ ఎవరెస్ట్ అనే కుర్ర అధికారి 1818 చివర్లో హైదరాబాద్ వచ్చి, భారతదేశాన్ని త్రికోణాలతో కొలుస్తున్న విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. పని నేర్చుకున్నది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో. 1819 వానాకాలపు జ్వరాలకు ఆయనా పడ్డాడు, జెండాలు పట్టి, గొలుసులు లాగి, పరికరాలు మోసిన ఖలాసీలూ పడ్డారు. ఆయన్ని ఒళ్లు కుదుటపడడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ పంపారు. ఖలాసీలు ఎటు పోయారో లెక్క లేదు. 1856లో ఆయన తర్వాతి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఆ హిమశిఖరానికి ఎవరెస్ట్ పేరు ప్రతిపాదించినప్పుడు, ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు. తన పేరును పారసీలోనో హిందీలోనో రాయలేరని, ఇక్కడి జనానికి నోరు తిరగదని. తెలుగులో నాలుగు అక్షరాల్లో అయిపోయింది పాపం.

బిడారు నుంచి శిఖరానికి

2014 మే 25న ఆ ఎవరెస్ట్ మీద నిలబడ్డ మాలావత్ పూర్ణకు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదువు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. పక్కన ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ కొండెక్కడం మొదలుపెట్టింది భువనగిరి గుట్ట మీద, శేఖర్‌బాబు శిక్షణలో. వెనక నిలబడింది అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. పూర్ణ 2016లో కిలిమంజారో ఎక్కింది. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. ఆమెకు ముందు నెల్లూరు జిల్లా వాడు మల్లి మస్తాన్ బాబు 2006లో ఆ ఏడింటినీ 172 రోజుల్లో ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలాడు.

పూర్ణ గురించి రాసినవన్నీ పేదరికాన్ని జయించిన కథగానే రాస్తాయి. అది నిజమే. కానీ ఈ వ్యాసం దారిలో నడుస్తుంటే నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆమెది లంబాడీ కుటుంబం. రైలు రాకముందు దక్కన్‌లో బరువులు మోసిన జనం లంబాడీలు. వేల ఎడ్ల బిడారులతో ఉప్పు, ధాన్యం తీసుకుని కోస్తా నుంచి లోపలికి, లోపల్నుంచి కోస్తాకి తిరిగేవాళ్లు. మొఘల్ దండయాత్రల్లోనూ, 1803 మరాఠా యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికీ తిండి చేరింది వాళ్ల ఎద్దుల మీదే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. ఇలాంటి రైళ్లూ, రోడ్లూ కలిసి ఆ బతుకుదెరువును మెల్లగా తినేశాయి. బిడారులు ఆగిన చోట తండాలు మిగిలాయి. బ్రిటిష్ ఏలుబడిలో కొన్నిచోట్ల వాళ్లను నేరస్థ జాతుల జాబితాలోనూ చేర్చారు.

సైన్యాలకు తిండి మోసినవాళ్ల మనవరాలు ఇంకొకరు మోసిన తిండితో శిఖరం ఎక్కింది. ఆమె ఘనత ఇందువల్ల ఒక్క మెట్టు కూడా తగ్గదు. ఆ పైకెక్కడానికి ఎంత దూరం నుంచి రావాలో మాత్రం ఇంకాస్త తెలుస్తుంది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. పర్వతారోహకుల కోసం దారి సిద్ధం చేస్తూ, సామాన్లు మోస్తూ ఉండగా. ఆ పదహారు పేర్లలో ఒక్కటైనా మనలో ఎందరికి తెలుసు?

కాబట్టి సికింద్రాబాద్ నుంచి కిలిమంజారో పోదామనుకునేవాళ్లు బూట్లు, మందుల గురించి అడిగే ప్రశ్నలతో పాటు ఇంకో నాలుగు అడగొచ్చు. మా వెంట ఎందరు కూలీలు వస్తారు? ఒక్కొక్కరికి రోజు కూలీ ఎంత? బక్షీసు వాళ్ల చేతికే ఇవ్వొచ్చా, మీరు పంచుతారా? వాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు? ధర మరీ తక్కువ చెప్పే సంస్థ ఈ ప్రశ్నల దగ్గర తడబడితే, ఆ తగ్గింపు ఎవరి కడుపులోంచి వచ్చిందో అర్థమైపోతుంది. ఇంకా చిన్నదీ, డబ్బు ఖర్చు లేనిదీ ఒకటుంది. ఆరు రోజుల్లో వాళ్ల పేర్లు నేర్చుకుని, తిరిగొచ్చాక రాసే నాలుగు ముక్కల్లో ఆ పేర్లు కూడా రాయడం. మేయర్ అంత పెద్ద పుస్తకం రాసి చేసిన పనిలో, ఇవాళ అందరికన్నా పనికొచ్చేది మ్వీని అమాని అన్న రెండు మాటలే.